జూన్ 12న తెరుచుకునేది ఏ బడి?

జూన్ రెండో వారం వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో ఒకటే రద్దీ. నోటు పుస్తకాలు, అట్టలు, బూట్లు, టైలరు ఇంకా కుట్టి ఇవ్వని యూనిఫాం. బడి తెరిచిన రోజున గుమ్మం దగ్గర చిన్నపిల్లల ఏడుపులూ మామూలే. రెండు మూడు రోజుల్లో అవి సద్దుమణుగుతాయి. కొందరి విషయంలో మాత్రం రెండు వారాలైనా సద్దుమణగవు. అప్పుడు చుట్టుపక్కల నుంచి తీర్పులు మొదలవుతాయి: అమ్మమ్మగారింట్లో గారాబం చేశారు, సెలవుల్లో ఫోను అలవాటు చేశారు, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

ఆటిజం ఉన్న పిల్లల దగ్గర ఈ తీర్పులు ఎందుకు గురి తప్పుతాయో తెలియాలంటే, వేసవి తరవాత ఆ పిల్లలకు అసలు ఏం మారుతోందో ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

ముందు కొన్ని మాటలకు అర్థాలు

ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. అది పెంపకం వల్ల రాదు, టీకాల వల్ల రాదు. మందు వేస్తే పోయే జబ్బూ కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ మాట వైద్యంలో స్థిరపడింది. ఆ పిల్లల్లో ఆయనను బాగా ఆకట్టుకున్న లక్షణాల్లో ఒకటి, చుట్టూ ఉన్నవి ఉన్నట్టే ఉండాలన్న పట్టుదల. ఈనాటి వైద్య ప్రమాణాలు ఆటిజాన్ని రెండు పాయలుగా చూస్తాయి. మనుషులతో మాటా సైగా కలపడంలో ఇబ్బంది ఒకటి. ఒకే తీరు కోరుకోవడం, చేసిందే చేయడం, శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ వంటివాటికి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో స్పందించడం రెండోది. బడి మళ్లీ మొదలైనప్పుడు ఎక్కువ కష్టపెట్టేది ఈ రెండో పాయ. మనం దిగులు పడేది మాత్రం మొదటి దాని గురించి, అంటే మాటల గురించి.

‘స్పెక్ట్రం’ అన్న మాటను చాలామంది థర్మామీటరులా అర్థం చేసుకుంటారు. కొంచెం ఉందా, బాగా ఉందా అని అడుగుతారు. గడగడా మాట్లాడే పిల్లవాడు గంట శబ్దానికి చెవులు మూసుకుని బల్ల కింద దూరవచ్చు. ఒక్క మాటా రాని పిల్ల కొత్త గదిలో నిశ్చింతగా కూర్చోవచ్చు. ఒక్కో పిల్లకు ఒక్కో చోట ఎత్తు, ఒక్కో చోట పల్లం.

మారాం వేరు, ‘మెల్ట్‌డౌన్’ వేరు. మారాం వెనక ఒక కోరిక ఉంటుంది. కోరింది ఇస్తే ఆగుతుంది, చూసేవాళ్లు లేకపోతే బలహీనపడుతుంది. మెల్ట్‌డౌన్ అంటే మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు పడి పిల్లవాడికి తన మీద తనకే అదుపు తప్పిపోవడం. బిస్కెట్టు ఇచ్చినా ఆగదు, బెదిరిస్తే పెరుగుతుంది. అదే బరువు కొందరిని లోపలికి నెడుతుంది. మాట ఆగిపోతుంది, పిలిచినా పలకరు. దీన్ని ‘షట్‌డౌన్’ అంటారు. పుస్తకంలో ఈ గీతలు స్పష్టంగానే ఉంటాయి. ఇంట్లో అంత స్పష్టంగా ఉండవు. మారాంగా మొదలైనది మెల్ట్‌డౌన్‌గా మారడం ఏ తల్లికైనా తెలిసిన సంగతే.

సెలవులు నలభై తొమ్మిది రోజులేనా?

2025 లెక్క తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు, అంటే 49 రోజులు. అందరూ చెప్పే లెక్క ఇదే. అయితే అంతకు ముందే, మార్చి 15 నుంచి, ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఉదయం 7.45కు బడి, పన్నెండున్నరకు ఇల్లు. అంటే సాయంత్రం దాకా బడిలో ఉండటం, మధ్యాహ్నం తిన్నాక మళ్లీ తరగతిలో కూర్చోవడం, నాలుగు గంటల ఎండలో తిరుగు ప్రయాణం అన్నవి ఆ పిల్లవాడి రోజులోంచి మార్చి మధ్యలోనే జారిపోయాయి. మార్చి 15 నుంచి జూన్ 11 దాకా లెక్కిస్తే 89 రోజులు. దాదాపు మూడు నెలలు.

మామూలు పిల్లలకు ఈ తేడా పెద్దగా అంటదు. ‘బడి’ అన్న మాటలో ఒంటిపూటా రెండు పూటలూ రెండూ ఇముడుతాయి వాళ్లకు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు పదాలను అంత వదులుగా పట్టుకోరు. ఏప్రిల్‌లో బడి అంటే పన్నెండున్నరకు అయిపోయేది. జూన్‌లో పన్నెండున్నర దాటినా ఎవరూ కదలకపోతే, అలాంటి పిల్లవాడి దృష్టిలో పెద్దవాళ్లు మాట తప్పినట్టే. మొదటి రోజు ఉదయమంతా బాగున్న పిల్లవాడు అన్నం బెల్లు తరవాత ఎందుకు తిరగబడ్డాడో వెతికేవాళ్లు ఈ లెక్క దాకా రావడం తక్కువ.

ఇంకో చిక్కు. 2025 జూన్ 12 గురువారం. గురు, శుక్రవారాలు బడి. మరునాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. రెండు రోజులు పంపి, రెండు రోజులు ఆపి, సోమవారం మళ్లీ పంపడమంటే పిల్లవాడికి బడి రెండు సార్లు తెరిచినట్టు. ‘గురు, శుక్రవారాలు బాగానే వెళ్లాడు, సోమవారం ఏమైందో’ అన్న మాటకు జవాబు కేలండరులోనే ఉండవచ్చు.

వంశీ జూన్: ఒక ఉదాహరణ

విషయం అర్థం కావడానికి ఒక పిల్లవాడిని ఊహించుకుందాం. పేరు వంశీ, ఎనిమిదేళ్లు, శ్రీకాకుళం. రెండో తరగతి అయింది, మూడుకు వెళ్తాడు. చిన్న చిన్న మాటలు పలుకుతాడు, టీవీ ప్రకటనలు అప్పజెబుతాడు. మే నెలంతా ఉద్దానంలో అమ్మమ్మగారింట్లో గడిపాడు. పొద్దున చోడి (రాగి) అంబలి, కొబ్బరి తోటలో నీడ, మధ్యాహ్నం నిద్ర, చెప్పులు లేని కాళ్లు.

జూన్‌లో ఏం మారుతోందని వాళ్లమ్మను అడిగితే మూడు చెబుతుంది: తరగతి, టీచరు, పుస్తకాలు. వంశీ చెప్పగలిగితే అతని జాబితా వేరు. యూనిఫాం కొత్తది, మెడ దగ్గర చీటీ గీసుకుంటోంది. నెలన్నరగా గాలి తగిలిన పాదాలు బూట్లలో ఉక్కిపోతున్నాయి. సెలవుల్లో గోడలకు రంగు వేశారు, ఆ వాసన ఇంకా పోలేదు. పాత గదిలో టిక్కు టిక్కుమనే ఫ్యాను ఉండేది, ఇక్కడ లేదు. కిటికీ పక్క చోటు ఇంకెవరికో వెళ్లింది. ప్రార్థనకు కొత్త మైకు వచ్చింది, అది కీచుమంటుంది. పక్కన కూర్చునే పిల్లవాడు వేరే బడికి మారాడు. పోయిన ఏడాది నాన్న బండి మీద తీసుకెళ్లేవారు, ఇప్పుడు ఆటో. నాన్న డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర తిరిగేవారు. ఆటో మరో ఇద్దరు పిల్లల కోసం ఏడు రోడ్ల కూడలి మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది.

సోమవారం ఆటో ముందు వంశీ నేల మీద పడుకుండిపోయాడనుకుందాం. ‘ఆటో అంటే భయం’ అంటారు ఇంట్లో. ‘బడికి ఎగ్గొట్టే ఎత్తు’ అంటాడు మామయ్య. నిజానికి ఆటోలో ఎక్కడానికి అతనికి అభ్యంతరం లేకపోవచ్చు, దారి తప్పిపోతున్నామన్నదే భయం కావచ్చు. రోజూ తిరిగే చోట బండి తిరగకపోతే ఎక్కడికి తీసుకుపోతున్నారో తెలియక పెద్దవాళ్లమూ కంగారు పడతాం. మనకు డ్రైవరును అడిగే నోరుంది, అంతే తేడా. కారణం ఆటో అయితే ఆటో మాన్పించాలి. కారణం మలుపు అయితే ఆదివారం నాన్న బండి మీదే ఆ కొత్త దారిలో ఒకటికి రెండు సార్లు తిప్పితే చాలవచ్చు. బయటికి కనిపించిన గొడవ ఒకటే. దాని వెనక కారణాన్ని బట్టి చేయవలసిన పని మారిపోతుంది.

ఒకే తీరు మీద ఇంత పట్టు ఎందుకన్నదానికి పరిశోధకుల్లో ఒక వివరణ ప్రచారంలో ఉంది. మెదడు ఎప్పుడూ తరవాతి క్షణాన్ని ఊహిస్తూ ఉంటుందనీ, ఆటిజంలో ఊహకూ జరిగినదానికీ మధ్య వచ్చే చిన్న తేడా కూడా పెద్దగా వినిపిస్తుందనీ దాని సారాంశం. ఇంకా వాదన స్థాయిలోనే ఉంది, అందరూ ఒప్పుకున్నది కాదు. వంశీ జాబితాకు మాత్రం చక్కగా అతుకుతుంది.

బొమ్మల పట్టిక ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చతికిలబడుతుంది

థెరపీ కేంద్రానికి వెళ్లినవాళ్లందరికీ తెలిసినది బొమ్మల పట్టిక. రోజులో జరిగే పనులను బొమ్మలుగా వరసగా అతికించి, అయిపోయినది తీసి ‘అయిపోయింది’ అన్న సంచిలో వేయడం. నార్త్ కరోలినాలో 1972లో రాష్ట్రమంతటా మొదలైన టీచ్ అనే కార్యక్రమం ఇలాంటి పద్ధతులకు పెద్ద ప్రచారం ఇచ్చింది. దీని వెనక ఉన్న ఆలోచన చాలా మామూలుది. చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది, గోడ మీది బొమ్మ ఎన్నిసార్లు చూసినా అక్కడే ఉంటుంది. ‘మధ్యాహ్నం తరవాత ఇంకా మూడు పీరియడ్లు ఉన్నాయి’ అన్న వాక్యం వంశీకి అందకపోవచ్చు. అన్నం పళ్లెం బొమ్మ కింద ఇంకా మూడు బొమ్మలు, వాటి కింద ఆటో బొమ్మ ఉంటే అందవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే ఎర్ర పెంకుల విదేశీ బడి బొమ్మ కన్నా తన బడి గేటు ఫొటో మేలు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, చాలా పట్టికలు గోడ మీద అలంకారంగా మిగిలిపోవడానికి ఇదొక కారణం.

దీనికి తోడుగా వాడేది చిన్న కథ. ‘గంట మోగుతుంది. అది పెద్ద శబ్దం. కాసేపట్లో ఆగుతుంది. నేను చెవులు మూసుకోవచ్చు’ అన్న తీరులో, పిల్లవాడి వైపు నుంచి రాసే నాలుగైదు వాక్యాలు. 1990ల్లో కెరల్ గ్రే అనే అమెరికా ఉపాధ్యాయురాలు దీన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. బొమ్మల పట్టికలకు పరిశోధనల మద్దతు గట్టిగానే ఉంది. కథల ఫలితాలు మాత్రం పిల్లను బట్టి బాగా తేడాగా వచ్చాయి.

పట్టిక విఫలమయ్యే చోట్లు తెలిస్తే అది ఎలా పనిచేస్తుందో ఇంకా బాగా అర్థమవుతుంది. వాన పడి ప్రార్థన ఎత్తేశారు. పట్టికలో మాత్రం ప్రార్థన ఉంది. అంటే పట్టిక అబద్ధం చెప్పింది. అందుకే అనుభవజ్ఞులు ‘మార్పు’ అన్న ఒక గుర్తును ముందే నేర్పుతారు, మంచి మార్పులతో మొదలుపెట్టి: ఇవాళ అరటిపండు బదులు మామిడిపండు. ఇంకొందరు పిల్లలకు బొమ్మకూ వస్తువుకూ లంకె ఇంకా పడి ఉండదు. వాళ్లకు బొమ్మ బదులు అసలు నీళ్ల సీసా, అసలు పళ్లెం చేతికివ్వడమే పట్టిక. ఇక కేలండరు మీద రోజులు కొట్టేస్తూ ‘బడికి ఇంకా ఏడు రోజులు’ అనడం సగం మందిని కుదుటపరిచి, మిగతా సగం మందికి ఏడు రోజుల ముందే నిద్ర పోగొడుతుందని తల్లులు నవ్వుతూనే చెబుతారు. ఎవరు ఏ సగమో ఒకసారి చేసి చూస్తే గాని తెలియదు.

సెలవుల్లో పగ్గాలు వదలాలా, పట్టాలా?

ఇక్కడ నిపుణులే రెండుగా చీలిపోతారు. ఒక పక్షం అంటుంది: నిద్ర లేచే వేళ, అన్నం వేళ, కూర్చుని పనిచేసే అరగంట వేసవిలోనూ నిలబెట్టాలి. నెలల తరబడి కష్టపడి నేర్చినది జారిపోతే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ప్రవర్తన శిక్షణ సంప్రదాయం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఈ వైపు ఉంటారు.

రెండో పక్షంలో పెద్దయిన ఆటిజం వ్యక్తులు చాలామంది ఉన్నారు. బడిలో ఆ పిల్ల రోజంతా ఎంత బరువు మోస్తుందో మీకు కనిపించదు, సెలవులు ఆ బరువు దించుకునే ఒకే ఒక్క చోటు, దాన్నీ తరగతి గది చేయకండి అంటారు. శిక్షణ పేరుతో పిల్లలను మామూలు పిల్లల్లా నటించేటట్టు చేస్తున్నారన్నది వాళ్ల పెద్ద ఫిర్యాదు.

రెండు మాటల్లోనూ పస ఉంది. నిద్ర వేళ గురించి మొదటి పక్షం చెప్పినది కొట్టిపారేయలేం. రాత్రి పన్నెండుకు పడుకునే అలవాటు జూన్ 11న ఒక్కరోజులో తొమ్మిదికి రాదు, రోజుకు పావుగంట చొప్పున వెనక్కి జరిపినా పన్నెండు రోజులు కావాలి. అక్షరాలు దిద్దించే దగ్గర మాత్రం నా మొగ్గు రెండో పక్షం వైపే. ఉద్దానంలో అమ్మమ్మ పక్కన కూర్చుని జీడిపిక్కలు ఏరి బుట్టలో వేసిన పిల్లవాడు వరుసా లెక్కా ఓపికా అన్నీ సాధన చేసినట్టే. ఆ పనిలో బడి పేరు లేదు, అంతే.

మొదటి రోజు నుంచే పూర్తి పూట ఉంచాలా, గంటతో మొదలుపెట్టి పెంచాలా అన్నదీ ఇలాంటి తగువే. కొద్ది కొద్దిగా పెంచితే బరువు తక్కువ. అయితే రోజుకో వేళకు ఇంటికి వస్తే అదే కొత్త అయోమయం. మధ్యాహ్నం ఏడ్చినప్పుడల్లా ఇంటికి పంపేస్తే, ఏడిస్తే ఇల్లు అన్న సూత్రం కూడా అతను నేర్చుకుంటాడు. గొడవ రాకముందే, ముందుగా చెప్పిన వేళకు, ఆ వేళ పట్టికలో కనిపించేటట్టు పంపితే ఈ రెండో ప్రమాదం తగ్గుతుందని మధ్యేమార్గం వాళ్లు అంటారు.

బడిలో బుద్ధిమంతుడు, ఇంట్లో వరద

జూన్ నెలలో టీచరుకూ తల్లికీ మధ్య నడిచే సంభాషణ ఒకటుంది. ‘ఇక్కడ ఏ గొడవా లేదమ్మా, చాలా బుద్ధిగా ఉంటున్నాడు. మీ దగ్గరే చనువు ఎక్కువైనట్టుంది.’ ‘లేదు మాస్టారూ, ఇంటికి వచ్చిన దగ్గర నుంచి గంటసేపు అరుస్తాడు, చెయ్యి కొరుక్కుంటాడు.’ ఇద్దరూ ఎదుటివాళ్లు అబద్ధం చెబుతున్నారనుకుని లేస్తారు. ఇద్దరూ చెప్పినది నిజమే.

మన వైపు వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. వంశధార నది ఒడిశా కొండల్లో పుడుతుంది. పైన వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే గొట్టా బ్యారేజీ దగ్గర నీరు పెరుగుతుంది. వరద వచ్చిన ఊళ్లో వాన పడలేదు కాబట్టి వరదే అబద్ధమని ఎవరూ అనరు. పిల్లవాడు బడిలో తనను తాను బిగబట్టుకుని, నలుగురిలా ఉండటానికి చేసే ప్రయత్నాన్ని ‘మాస్కింగ్’ అంటారు. నమ్మకమైన చోటికి, అంటే అమ్మ దగ్గరికి, వచ్చాక ఆ పట్టు వదులుతుంది. ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందనీ, వాళ్ల ఆటిజం ఆలస్యంగా బయటపడటానికి ఇదొక కారణమనీ పరిశోధకులు అంటున్నారు.

అయినా ప్రతి సాయంత్రపు ఏడుపునూ మాస్కింగ్ ఖాతాలో వేయలేం. వేళ చూడాలి. గుమ్మం దాటగానే మొదలైతే బడి బరువు కావచ్చు. హోంవర్కు సంచి తెరిచినప్పుడే మొదలైతే అది హోంవర్కు. అన్నం పెట్టగానే ఆగిపోతే అతను మధ్యాహ్నం తినలేదని అర్థం: బడిలో పప్పూ అన్నం కలిపి పెట్టేసి ఉంటారు, ఇంట్లో విడివిడిగా తింటాడు. ఆదివారాలూ అలాగే ఉంటే కారణం బడిలో లేదు. వారం రోజులు వేళలు రాసి పెట్టుకున్న కాగితం ముందుంటే టీచరూ తల్లీ ఒకే విషయం గురించి మాట్లాడుకోగలుగుతారు.

చట్టం ఏమంటుంది, చీటీ ఎక్కడ ఆగుతుంది

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఇక్కడ చాలామంది రెండు సంగతులను కలిపేస్తారు. ఉచిత విద్య గురించి చెప్పే 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ల లోపు, కనీసం 40 శాతం వైకల్యం ధ్రువీకరించిన పిల్లలకు వర్తిస్తుంది. సదరం (వైకల్య ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటు) శిబిరం, స్లాటు, శాతం అన్నీ ఆ ధ్రువీకరణ కోసమే. పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని చెప్పే 16వ సెక్షన్‌లో ఆ 40 శాతం మాట లేదు. ప్రభుత్వ నిధులు పొందే బడులకే కాక, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులకూ అది వర్తిస్తుంది. మైకుకు దూరంగా నిలబెట్టమనో, కిటికీ పక్క చోటు ఇవ్వమనో అడగడానికి సదరం శాతం దాకా ఆగనక్కర లేదు. చట్టమే ఒక మెలిక కూడా పెట్టింది: సర్దుబాటు సంస్థ మీద మోయలేని భారం కాకూడదు. ప్రతి పిల్లకూ ఒక ఆయాను పెట్టడం భారమా కాదా అన్న వాదన అక్కడే పుడుతుంది. కిటికీ పక్క చోటు మాత్రం ఎవరికీ భారం కాదు.

ప్రభుత్వ బడుల వైపు సమగ్ర శిక్షా పథకం కింద మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో ప్రత్యేక శిక్షణ పొందిన ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) పనిచేస్తారు. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మామూలు బడిలోనే ఉంచాలన్నవాళ్లూ, భవిత కేంద్రంలాంటి చిన్న చోటే మేలన్నవాళ్లూ చాలాకాలంగా వాదించుకుంటున్నారు. జూన్ సమస్య ఈ వాదనకు అతీతమైనది. చోటు ఏదైనా, అక్కడ తెలిసిన మనిషి ఉన్నాడా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న. 2025 వేసవిలో రాష్ట్రంలో ఉపాధ్యాయుల బదిలీలూ బడుల పునర్వ్యవస్థీకరణా ఒకేసారి జరిగాయి. టీచరు బదిలీ అయితే ఆమెతో పాటు, వంశీ గంటకు ముందు చెవులు మూసుకుంటాడనీ, ‘నీళ్లు’ అంటే బాత్రూమని అర్థమనీ తెలిసిన జ్ఞానం కూడా బదిలీ అయిపోతుంది. రిజిస్టరులో దానికి గడి లేదు. కొందరు తల్లిదండ్రులు ఈ సంగతులను ఒక పేజీ మీద రాసి కొత్త టీచరు చేతికిస్తున్నది అందుకే. పేజీ దాటితే ఎవరూ చదవరన్నది వాళ్ల అనుభవసారం.

అంతా ఆటిజమే అనుకోవడంలో ప్రమాదం

వంశీ మూడు వారాలైనా కుదురుకోలేదనుకుందాం. ఇప్పటిదాకా చెప్పిన వివరణలన్నీ చేతిలో ఉన్నాక వచ్చే చిక్కు ఏమిటంటే, ప్రతిదానికీ ఆటిజమే జవాబుగా కనిపించడం. పంటి నొప్పి చెప్పలేని పిల్లవాడు తల కొట్టుకుంటాడు. బడి మరుగుదొడ్డి వాసన భరించలేక రోజంతా బిగబట్టిన పిల్లకు కడుపునొప్పి వస్తుంది. పెద్ద తరగతి పిల్లలెవరో ఆటోలో గిల్లుతూ ఉండవచ్చు, మలుపు గురించి మనం అల్లిన సిద్ధాంతమంతా తప్పే కావచ్చు. కుదురుకోవడంలో ఆలస్యమైతే మెల్లగానైనా రోజురోజుకూ ఎంతో కొంత తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతున్నా, బాగున్నవాడు ఒక రోజు హఠాత్తుగా మారినా, దెబ్బో నొప్పో భయమో ఉందేమో ముందు చూడాలి.

ఇంతలో వానలు ముదురుతాయి, అల్పపీడనం వచ్చి రాత్రికి రాత్రి సెలవు ప్రకటిస్తారు. ఆపైన దసరా సెలవులు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర సిరిమాను తిరిగే వేళకు ఊరంతా డప్పులూ జనమూ. దసరా సెలవులయ్యాక బడి ఇంకోసారి తెరుచుకుంటుంది. అదే తరగతి, అదే బల్ల, అదే ఆటో. వంశీ వాళ్లమ్మ జూన్ నాటి బొమ్మలను పారేయకుండా ఒక బిస్కెట్ల డబ్బాలో దాచి ఉంచితే, ఆమె కొత్తగా తీయాల్సిన ఫొటో ఒక్కటే: మైకు. అది ఆగస్టులోనే పాడైంది, ఇప్పుడు ప్రార్థనకు గంట మాత్రమే.